డెలివరీ ఖర్చు మాత్రమే అన్నారు

సీసాలో క్రీము సగం కూడా అవలేదు, దాని పూర్తి ధర కార్డు మీద పడింది. ఆ కిందే ఇంకో పేరుతో ఇంకో మొత్తం. స్టేట్‌మెంట్‌లో కనిపించిన ఆ రెండు పేర్లలో ఏదీ నేను తెప్పించుకున్న క్రీము పేరు కాదు. ఏవో పొడి అక్షరాలు, వాటి పక్కన ఒక్కో ఫోన్ నంబరు, అంతే. కార్డు వివరాలు ఎవరో కొట్టేశారనే అనుకున్నాను. ఆ ఫోన్ నంబర్లు పట్టుకుని నెట్‌లో వెతికితే గానీ రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయని తెలియలేదు. ఒకటి క్రీముకి, ఇంకోటి కళ్ళ కింద రాసుకునే సీరంకి.

ట్రయల్ అన్న సంగతి నాకు తెలియక కాదు. "డెలివరీ ఖర్చు మాత్రమే కట్టండి, 14 రోజులు వాడి చూడండి, నచ్చకపోతే క్యాన్సిల్ చేసుకోండి" అని రాసి ఉంటే, నచ్చకపోతే క్యాన్సిల్ చేద్దామనే తీసుకున్నాను. పార్సిల్ అందిన రోజే ఫోన్‌లో రిమైండర్ కూడా పెట్టుకున్నాను, గడువుకి కాస్త ముందే మోగేలా. ఆ రిమైండర్ మోగకముందే బిల్లు పడింది. వాళ్ళ లెక్కలో 14 రోజులు మొదలయ్యేది సీసా చేతికొచ్చిన రోజున కాదట, ఆర్డర్ పెట్టిన రోజునట. పార్సిల్ దారిలో ఉన్నన్నాళ్ళూ నేను ఆ క్రీము రాసుకుంటున్నట్టే లెక్క.

బిల్లు పడ్డాక ఆ ప్రకటన పేజీని మళ్ళీ తెరిచి కూర్చున్నాను. ఈసారి గొడవ పెట్టుకోబోయే మనిషి చదివినట్టు చదివాను. పేజీ పైన ఒక గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది, ఆఫర్ ముగియడానికి ఇంకా ఇన్ని నిమిషాలు అంటూ. పేజీని రీఫ్రెష్ చేస్తే గడియారం మళ్ళీ మొదటికొచ్చింది. దాని కింద "కొన్ని సీసాలే మిగిలాయి" అన్న హెచ్చరిక. ఆ తర్వాత కార్డు వివరాలు నింపే గళ్ళు. "ఈరోజు చెల్లించాల్సింది" అన్న చోట డెలివరీ ఖర్చు ఒక్కటే, లావు అక్షరాల్లో. దాని కింద తెర వెడల్పంతా పరుచుకున్న నారింజ రంగు బటన్. షరతులు ఆ బటన్‌కి పైన ఎక్కడా లేవు. కింద ఉన్నాయి, తెల్లటి తెర మీద లేత బూడిద రంగులో. ఫోన్‌లో అయితే వేలితో ఇంకా కిందికి జరిపితేనే కనిపిస్తాయి. బటన్ నొక్కగానే పేజీ మారిపోతుంది కాబట్టి అక్కడిదాకా వెళ్ళే పనే పడదు. ఆ బూడిద రంగు పేరాలో ఉన్నది గుక్క తిప్పుకోని ఒకే వాక్యం: ఆర్డర్ తేదీ నుంచి 14 రోజుల్లోగా క్యాన్సిల్ చేయకపోతే పూర్తి ధర వసూలు చేస్తాం, ఆపైన ప్రతి 30 రోజులకూ కొత్త సీసా పంపి అదే ధర వసూలు చేస్తూ ఉంటాం, మీరు ఆపమనేదాకా.

మౌనం అర్ధాంగీకారం అంటారు. వీళ్ళ దగ్గర అది పూర్ణాంగీకారం.

సీరం సంగతి ఇంకా విచిత్రం. కార్డు వివరాలు ఇచ్చి బటన్ నొక్కాక ధన్యవాదాలు అని రావాలి కదా. "ఆగండి! మీ ఆర్డర్ ఇంకా పూర్తి కాలేదు" అని ఇంకో పేజీ వచ్చింది. మధ్యలో సీరం బొమ్మ, దాని కింద "ఆర్డర్ పూర్తి చేయండి" అంటూ మళ్ళీ అదే నారింజ బటన్. అడుగున సన్నగా ఒక లింకు: "వద్దు, కళ్ళ కింద ముడతలున్నా నాకు పర్వాలేదు." ఆర్డర్ పూర్తి చేద్దామనుకునే ఎవరైనా ఆర్డర్ పూర్తి చేయమన్న బటనే నొక్కుతారు. నొక్కితే సీరం కూడా చేరింది. దానికి వేరే ట్రయల్, వేరే ఆటో బిల్లింగ్, స్టేట్‌మెంట్‌లో వేరే పేరు. రెండూ ఒకే డబ్బాలో వచ్చాయి. సీరం మీద "ప్రత్యేకంగా మీ కోసం" అని స్టిక్కర్ ఉంటే క్రీముతో పాటు ఊరికే ఇచ్చారనుకున్నాను. వద్దనేవాళ్ళని చిన్నబుచ్చే ఆ లింకు రాసిన మనిషెవరో గానీ, బిల్లు సంగతి తేలిపోయాక కూడా ఆ వాక్యం మీద మాత్రం నాకు కోపం పోలేదు.

ఇక ఆ 14 రోజుల గడువు. చర్మం పై పొర పూర్తిగా మారడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. ముడతలకి రాసుకునే రెటినాల్ లాంటివి వాడితే ఫలితం కోసం 12 వారాలైనా ఓపిక పట్టమని చర్మవైద్యులు చెబుతారు. రాసిన మర్నాటికే ముఖం నున్నగా, నిండుగా కనిపించే మాట నిజమే. గ్లిజరిన్, హయలూరోనిక్ యాసిడ్ లాంటివి పై పొరలో నీటిని పట్టి ఉంచడం వల్ల వచ్చే నిగారింపు అది, రాయడం మానేస్తే పోతుంది. మామూలు మాయిశ్చరైజర్ రాసినా మొదటి వారం ఇంచుమించు అలాగే ఉంటుంది. ముడతలు తగ్గాయా లేదా అన్నది 14 రోజుల్లో తేలే విషయం కానే కాదు, అందులో కొన్ని రోజులు పార్సిల్ దారిలోనే పోతాయి. మొదటి వారం నిగారింపు చూసుకుని మనిషి సంబరపడుతుండగానే గడువు దాటిపోవాలి. కావాలనే అలా కుదిర్చారని నా నమ్మకం.

సీసా వెనక పదార్థాల జాబితా కూడా అప్పుడే తీరిగ్గా చదివాను. ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలన్నది చాలా దేశాల్లో నియమం, 1 శాతం లోపు ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరసలోనైనా రాయొచ్చు. నా సీసా మీద మొదట నీళ్ళు, తర్వాత గ్లిజరిన్, ఇంకేవో నూనెలు, ఆ తర్వాత ఫినాక్సీఇథనాల్. ఇది క్రీము పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్, యూరప్ నిబంధనల ప్రకారం 1 శాతానికి మించి వేయకూడదు. ముడతలు తగ్గిస్తుందంటూ ప్రకటనంతా ఊదరగొట్టిన పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) పేరు దాని తర్వాత ఎక్కడో ఉంది. అంటే అది 1 శాతం కూడా దాటదన్నమాట. పెప్టైడ్‌లని కొద్ది మోతాదులోనే వాడతారు కాబట్టి ఇది మోసమనడానికి లేదు. కానీ ఆ ధరకి నేను కొన్నదేమిటో మాత్రం తెలిసింది.

మా అక్కకి ఫోన్ చేస్తే ఒక్క ముక్కలో తేల్చేసింది.

"కార్డు బ్లాక్ చేసి పడెయ్యవే, పీడా పోతుంది."

"బ్లాక్ చేస్తే పడిన డబ్బు తిరిగి రాదు కదక్కా."

"పోతే పోయింది. ఇక ముందు పడకుండా ఉంటుంది కదా?"

"అదీ గ్యారంటీ లేదు. కొత్త కార్డు మీద కూడా పడొచ్చు."

"కొత్త నంబరు వాళ్ళకెలా తెలుస్తుందే? మాయలా మంత్రాలా?"

మాయలూ మంత్రాలూ అక్కర్లేదు. వీసాకి అకౌంట్ అప్‌డేటర్, మాస్టర్‌కార్డ్‌కి ఆటోమేటిక్ బిల్లింగ్ అప్‌డేటర్ అనే సర్వీసులు ఉన్నాయి. కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడు, నెలనెలా బిల్లు తీసుకునే కంపెనీలకు కొత్త నంబరు వాటి ద్వారా అందుతుంది, వాటిలో చేరిన బ్యాంకుల కార్డులైతే. కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్ ప్రీమియం మధ్యలో ఆగిపోకుండా ఉండటానికి పెట్టిన సౌకర్యం, మంచిదే. అదే దారిలో ఇలాంటి ఆటో బిల్లింగ్ కూడా కొత్త కార్డుకి ఎక్కేయగలదు. అందుకే కార్డు మార్చడం ఒక్కటే సరిపోదు. ముందు సబ్‌స్క్రిప్షన్‌ని రాతపూర్వకంగా రద్దు చేయించుకోవాలి, ఈ కంపెనీకి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకున్నానని బ్యాంకుకి చెప్పాలి, ఆ తర్వాత కార్డు మార్చమనాలి, మార్చేటప్పుడు కొత్త నంబరు వాళ్ళకి చేరకుండా చూడమనాలి. నేను ఆ వరసలోనే వెళ్ళాను. అక్కకి ఇదంతా చాదస్తంలా అనిపించింది గానీ, ఫోన్ పెట్టేసే ముందు "ఏదన్నా వస్తే నాక్కూడా చెప్పు, నా దగ్గరా ఒక జుట్టు నూనెది నడుస్తోంది" అంది.

కంపెనీ వెబ్‌సైట్‌లో చేరడానికి ఒక బటన్ చాలింది. మానడానికి బటన్ లేదు, ఫోన్ చేయాలి. వాళ్ళ ఆఫీసు వేళల్లోనే చేయాలి. పాట వినిపించి వినిపించి చివరికి ఒకమ్మాయి ఎత్తింది. మర్యాదగా, ఓపికగా మాట్లాడింది, ఆమెని ఒక్క మాట అనడానికి లేదు. ఎదురుగా రాసి పెట్టినది చదువుతోందని మాత్రం తెలిసిపోతోంది.

"మేడమ్, సీసా మీ దగ్గరే ఉంచుకోండి, 25 శాతం రీఫండ్ ఇస్తాను."

"నాకు పూర్తిగా కావాలి. మీరు 14 రోజులన్నారు, సీసా నా చేతికొచ్చి అన్ని రోజులు కూడా కాలేదు."

"గడువు ఆర్డర్ తేదీ నుంచి మేడమ్, షరతుల్లో ఉంది. సరే, మీ కోసం ప్రత్యేకంగా 50 శాతం ఇప్పిస్తాను."

"సీసా వెనక్కి పంపిస్తాను, మొత్తం ఇవ్వండి."

"సీలు తీసిన సీసా వెనక్కి తీసుకోం మేడమ్."

వాడి చూడమన్నదీ వాళ్ళే, వాడితే వెనక్కి తీసుకోమనేదీ వాళ్ళే. ఇది ఆమెతో అంటే ఒక్క క్షణం ఆగి, మళ్ళీ 50 శాతం దగ్గరికే వచ్చింది. అప్పుడు నేను బ్యాంకులో డిస్‌ప్యూట్ పెడతానన్నాను, అంటే ఈ బిల్లు ఒప్పుకోనని ఫిర్యాదు. అంతవరకూ కదలని అంకె చటుక్కున 75కి ఎగిరింది, కాకపోతే "బ్యాంకుకి వెళ్ళనని ఒప్పుకుంటేనే" అనే షరతుతో.

బ్యాంకు మాట వినగానే అంత కంగారెందుకో తర్వాత చదివితే అర్థమైంది. కార్డుదారు ఫిర్యాదు మీద బ్యాంకు డబ్బు వెనక్కి లాగితే దాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. ఒక వ్యాపారి లావాదేవీల్లో చార్జ్‌బ్యాక్‌ల శాతం ఒక పరిమితి దాటితే కార్డు సంస్థలు అతన్ని నిఘా జాబితాలో పెడతాయి, జరిమానాలు పడతాయి, చివరికి కార్డులు తీసుకునే ఖాతానే మూసేస్తారు. అంటే వాళ్ళకి నేను ఒక్కదాన్ని అడిగే డబ్బు పెద్ద విషయం కాదు, నా ఫిర్యాదుతో వాళ్ళ ఖాతా మీద పడే ఆ ఒక్క గీత పెద్ద విషయం. ఒకే కంపెనీ రకరకాల పేర్లతో ఖాతాలు తెరిచి అమ్మకాలను వాటి మధ్య పంచేసేది కూడా ఇందుకే. ఏ ఒక్క ఖాతాలోనూ ఆ శాతం పైకి తేలకుండా ఉంటుంది. అమెరికాలో వినియోగదారుల మోసాల మీద కేసులు వేసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో వేసిన ఒక ఉచిత ట్రయల్ కేసులో సరిగ్గా ఇదే ఆరోపణ చేసింది, ఊరూపేరూ లేని డొల్ల కంపెనీల మీద ఇలాంటి ఖాతాలు తెరిచారని. నా స్టేట్‌మెంట్‌లో రెండు పొడి పేర్లు ఎందుకున్నాయో అది చదివాక గానీ నాకు వెలగలేదు.

75 శాతం తీసుకోలేదు. రాజీకి ఒప్పుకుని, ఆ తర్వాత బ్యాంకుకి వెళితే, "ఆవిడతో ముందే సెటిల్ చేసుకున్నాం" అని వాళ్ళు చూపిస్తారు. ఇక మన దగ్గర మాట్లాడటానికి ఏముంటుంది? తొందరగా తెమిలిపోతే చాలనుకునేవాళ్ళకి ఆ 75 మంచి బేరమే, కాదనను. నేను మాత్రం రద్దు చేసినట్టు ఈమెయిల్, రద్దు నంబరు ఇవ్వమని పట్టుబట్టాను. ఈమెయిల్ వచ్చేదాకా లైన్ మీదే ఉంటానన్నాను. వచ్చింది. అందులో క్రీము సంగతే ఉంది, సీరం లేదు. అడిగితే "అది వేరే డిపార్ట్‌మెంట్ మేడమ్" అని స్టేట్‌మెంట్‌లో ఉన్న రెండో నంబరే చెప్పింది. అక్కడ మళ్ళీ పాట, మళ్ళీ 25 శాతం, మళ్ళీ అదే మాటలు. గొంతు కూడా అదేనేమోనని నా అనుమానం, రుజువు చేయలేను.

బ్యాంకులో మొదట ఫోన్ ఎత్తినతను నేను రెండు వాక్యాలు చెప్పగానే "ఫ్రాడ్ అని పెట్టేస్తాను మేడమ్, తొందరగా అయిపోతుంది" అన్నాడు. వద్దన్నాను. ఫ్రాడ్ అంటే ఆ లావాదేవీతో నాకు సంబంధమే లేదని, కార్డు వివరాలు నేను ఇవ్వలేదని సంతకం పెట్టడం. ఇచ్చింది నేనే. కంపెనీ వాళ్ళు నా పేరు, చిరునామా, ఆర్డర్ ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చిందో చెప్పే ఐపీ నంబరు, పార్సిల్ అందినట్టు రుజువు పంపితే ఫ్రాడ్ కేసు అక్కడికక్కడే పడిపోతుంది, నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. ఇలాంటి వాటికి డిస్‌ప్యూట్ ఫారంలో వేరే కారణాలున్నాయి. రద్దు చేసిన తర్వాత కూడా డబ్బు తీసుకున్నారన్నది ఒకటి, అమ్మేటప్పుడు చెప్పిందొకటి చేసిందొకటి అన్నది ఇంకొకటి. వీసా నిబంధనల్లో వీటికి 13.2, 13.5 అని నంబర్లు కూడా ఉన్నాయి. నాది మాస్టర్‌కార్డ్. అక్కడ వస్తువు, సేవ, రద్దులకి సంబంధించిన ఫిర్యాదులన్నీ ఒకే కోడ్ కిందికి వస్తాయి, 4853. నా డబ్బు రద్దుకి ముందే పడింది కాబట్టి మొదటి కారణం కుదరదు. రెండోదే పెట్టించాను. "ఆ కోడ్ మీకెలా తెలుసు మేడమ్?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఆ తర్వాత అతను నాతో మాట్లాడిన తీరు మారింది.

అసలు బలమైన పాయింటు మాస్టర్‌కార్డ్ వాళ్ళ నియమంలోనే దొరికింది. చేతికందే వస్తువుల ఉచిత ట్రయల్స్ మీద 2019లో ఆ సంస్థ ఒక నిబంధన తెచ్చింది. ట్రయల్ అయిపోయాక బిల్లు వేసే ముందు వ్యాపారి కొనుగోలుదారుని మళ్ళీ అడిగి ఒప్పించుకోవాలి. ఎంత తీసుకోబోతున్నారు, ఏ తేదీన, ఏ పేరుతో, వద్దనుకుంటే ఎలా ఆపాలి, ఇవన్నీ ఈమెయిల్‌లో గానీ మెసేజ్‌లో గానీ పంపాలి. స్టేట్‌మెంట్‌లో పేరుతో పాటు వెబ్‌సైట్ గానీ ఫోన్ నంబరు గానీ కనిపించాలన్నది కూడా అందులో భాగమే. వీళ్ళు పాటించింది ఆ ఫోన్ నంబరు వరకే. వీసా 2020లో ఇంకో రకంగా వచ్చింది: ట్రయల్ ముగియడానికి కనీసం 7 రోజుల ముందు గుర్తు చేయాలి, ఆన్‌లైన్‌లో ఆపేసుకునే వీలుండాలి. నా ఇన్‌బాక్స్‌లో, స్పామ్‌లో, చెత్తబుట్టలో వెతికాను. ఆర్డర్ పెట్టిన రోజు వచ్చిన ఒక్క ఈమెయిల్ తప్ప ఏమీ లేదు. అందులోనూ డెలివరీ ఖర్చు, చిరునామా, ఒక నవ్వు ముఖం, అంతే. తర్వాత పడబోయే బిల్లు గురించి ఒక్క అక్షరం లేదు. డిస్‌ప్యూట్‌తో నేను పంపిన కాగితాల్లో ఆ ఈమెయిలే అన్నిటికన్నా విలువైనది.

చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో ఇలా అమ్మేవాళ్ళు కార్డు వివరాలు అడిగే ముందే షరతులన్నీ స్పష్టంగా చెప్పాలి, సులువుగా ఆపుకునే దారి పెట్టాలి. 2015లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక స్కిన్ కేర్ వ్యాపారం మీద వేసిన కేసు చదువుతుంటే నా కథే చదువుతున్నట్టుంది: డెలివరీకి 4.95 డాలర్లో అంతకన్నా తక్కువో, 10 రోజుల్లో ఫోన్ చేసి ఆపకపోతే 97.88 డాలర్ల దాకా, ఆపైన నెలనెలా. చేరినంత సులువుగా మానేసే వీలుండాలని అదే కమిషన్ 2024 అక్టోబరులో ఒక నియమం తెస్తే, నియమం చేసిన పద్ధతి సరిగా లేదని 2025 జులైలో అప్పీళ్ళ కోర్టు కొట్టేసింది. భారతదేశంలో 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్ళని బుట్టలో వేసే వెబ్‌సైట్ కిటుకులు) మార్గదర్శకాలు 13 రకాల కనికట్లని పేరుపేరునా చెప్పాయి. వద్దనేవాళ్ళని సిగ్గుపడేలా చేయడం, లేని తొందర పుట్టించడం, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు, అన్నీ అందులో ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం కార్డు మీద ఆటో డెబిట్ పడటానికి కనీసం 24 గంటల ముందు కార్డుదారుకి కబురు రావాలి. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. డబ్బు పోయినవాళ్ళకి ముందుగా పనికొచ్చేది మాత్రం బ్యాంకు ఫారమే.

దానికీ గడువుంది. చాలా రకాల చార్జ్‌బ్యాక్‌లకి 120 రోజులు, అమెరికాలో క్రెడిట్ కార్డు బిల్లు తప్పని రాతపూర్వకంగా చెప్పడానికి చట్టమిచ్చింది స్టేట్‌మెంట్ వచ్చినప్పటి నుంచి 60 రోజులు. కంపెనీ వాళ్ళు "పరిశీలిస్తున్నాం, వారం ఆగండి" అని మాటిమాటికీ వాయిదా వేస్తే ఆ రోజులు కరిగిపోయేది మనకే. క్రెడిట్ కార్డు కావడం నాకు కలిసొచ్చింది. ఆ మొత్తాన్ని తేలేదాకా పక్కన పెట్టారు, నేను కట్టక్కర్లేకపోయింది. డెబిట్ కార్డయితే డబ్బు అప్పటికే ఖాతాలోంచి వెళ్ళిపోయి ఉండేది, తిరిగొచ్చేదాకా ఆ నెల ఎలా గడపాలన్న టెన్షన్ వేరే.

కొన్ని వారాలకి కంపెనీ జవాబు బ్యాంకుకి చేరింది, ఒక కాపీ నాకూ పంపారు. నా ఐపీ నంబరు, ఆర్డర్ పెట్టిన సమయం, పార్సిల్ అందిన తేదీ, అనుకున్నవన్నీ ఉన్నాయి. అనుకోనిది ఒకటుంది: ఆర్డర్ పేజీ ఇదీ అంటూ జత చేసిన బొమ్మ. అందులో షరతులు బటన్‌కి పైన, నల్లటి అక్షరాల్లో, చక్కగా చుట్టూ గీత గీసి ఉన్నాయి. వాటి పక్కన ఒప్పుకుంటున్నానని టిక్కు పెట్టే గడి. గడియారం లేదు, సీసాలు అయిపోతున్నాయన్న హెచ్చరిక లేదు. అంత శుభ్రమైన పేజీ నేనెప్పుడూ చూడలేదు. ఆ సీసా బొమ్మ, ఆ నారింజ రంగు మాత్రం అవే.

నా స్క్రీన్‌షాట్లు తీసి పక్కన పెట్టాను. వెబ్ చిరునామా, ఫోన్‌లో తేదీ, సమయం కనిపించేలా పైనుంచి అడుగు దాకా వరసగా తీసినవి అవి. చిరునామా పోల్చితే రెండూ వేరు వేరు పేజీలు. ప్రకటన నొక్కి వెళితే వచ్చేది ఒకటి, వాళ్ళు బ్యాంకుకి చూపించింది ఒకటి. ఆర్డర్ ఈమెయిల్‌లో ఉన్న లింకు నా పేజీకే పోతోంది. వాళ్ళు పంపిన బొమ్మని నేను తప్పనలేదు. నేను కొన్న పేజీ ఇది, వాళ్ళు చూపించే పేజీ అది, ట్రయల్ అయ్యాక నన్ను అడిగినట్టు రుజువు రెండింట్లోనూ లేదు అని మాత్రం రాశాను. అరపేజీ ఉత్తరం. నా కోపం, నిద్రలేమి, అక్క తిట్లు ఏవీ అందులో పెట్టలేదు. అవన్నీ రాసిన మొదటి చిత్తుప్రతి మూడు పేజీలు వచ్చింది. రాసుకుంటే మనసు తేలికపడింది గానీ, దాన్ని చదివే ఓపిక బ్యాంకులో ఎవరికుంటుంది?

క్రీము డబ్బు మొత్తం వచ్చింది. సీరం దగ్గర కాస్త పేచీ పడింది. రెండో పేరు మీద ఉన్న ఖాతాని బ్యాంకు వేరే కంపెనీగా లెక్కగట్టి, దానికి వేరే ఫారం, మళ్ళీ అవే కాగితాలు అడిగింది. ఆ రెండో కేసుకి అవతలి నుంచి జవాబే రాలేదు, గడువు దాటాక అదీ నాకు అనుకూలంగా మూసేశారు. ఈలోగా పాత కార్డు మీద ఇంకో సీసా ధర తీసుకోవడానికి ప్రయత్నం జరిగిందని, అది తిరస్కరించబడిందని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. రద్దు చేసినట్టు వాళ్ళిచ్చిన ఈమెయిల్ నా దగ్గరుండగానే ఆ ప్రయత్నం జరిగింది. కొత్త కార్డు మీద ఏమీ పడలేదు.

అక్క జుట్టు నూనె వ్యవహారానికి ఇదే వరస పనికొచ్చింది. తనది ఇంకా మొదటి గడువులోనే ఉంది కాబట్టి బ్యాంకు దాకా పోకుండా ఒక ఫోన్‌తో అయిపోయింది. "ఈమెయిల్ వచ్చేదాకా లైన్ మీదే ఉంటానన్నానే, పంపించేశారు" అని గొప్పగా చెప్పింది.

మొదట్లో కట్టిన డెలివరీ ఖర్చు మాత్రం తిరిగి రాలేదు. నేను అడగనూ లేదు. అంతకి ఒప్పుకునే ఆర్డర్ పెట్టాను, సీసా కూడా అందింది.